పల్లెలో పెద్దల క్లబ్బు: పంచాయతీ సభ్యులు గుర్తింపదగిన సంగతులు

ఉద్యోగమునుండి విశ్రాంతి పొందునాడు తోటివారు పెద్దకు పూలమాల వేసి, శాలువ కప్పి, నాలుగు మంచిమాటలు చెప్పి ఇంటికి సాగనంపుదురు. మరునాటి ఉదయమునుండి ఆయనకు కాలమెట్లు గడచునో అడుగువారుండరు. మన రాష్ట్రమున ప్రభుత్వోద్యోగుల విశ్రాంతి వయస్సు 2014లో 60 సంవత్సరములకును, 2022లో 62 సంవత్సరములకును పెరిగినది. అటుపిమ్మట పది పదునైదేండ్లు ఓపికతో తిరుగాడువారు నేడు ప్రతి గ్రామమునను కలరు. వారిలో బడి నడిపిన అయ్యవార్లు కలరు, లెక్కలు వ్రాసిన గుమాస్తాలు కలరు, రైలులో, బస్సులో, తపాలాలో పనిచేసినవారు కలరు.

అయితే పల్లెలో విశ్రాంతి యనునది ఉద్యోగులకు మాత్రమే చెందినది కాదు. రైతు నడుము వంగిననాడు కాడి విడుచును. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేయు కార్మికుడు చూపు మందగించిననాడు మగ్గము విడుచును. జీవితమంతయు కలుపు తీసిన అవ్వ మోకాళ్లు సహకరింపనినాడు ఇంటిపట్టున ఉండిపోవును. వీరికి ఉత్తర్వు రాదు, పూలమాల లేదు. ఈ పాఠమున 'పెద్దలు' అనుమాటను మేము వీరినందరిని ఉద్దేశించి వాడుచున్నాము. పింఛను పుస్తకము ఉన్నవారికి మాత్రమే క్లబ్బు పెట్టిన గ్రామము తన పెద్దలలో అధికభాగమును వెలుపల నిలిపినట్లే యగును.

అవసరమేమి?

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 60 ఏండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. వారిలో 7 కోట్లకు పైబడినవారు పల్లెలలోనే నివసించుచుండిరి. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఈ విషయమునకు మరియొక ముఖము కూడ కలదు. ఈ మూడింటికిని బెంగుళూరు దగ్గర. చదివిన పిల్లలు అక్కడ కొలువులలో చేరుదురు. చదువనివారు కట్టడపు పనులకు పోవుదురు. కుప్పము రైలుదారి మీదనే యున్నది గనుక ఉదయము పోయి రాత్రికి తిరిగి వచ్చువారును కలరు. పగటివేళ వీధిలో కనబడువారు పెద్దలును, పసిపిల్లలును మాత్రమే. పిల్లలు పంపు డబ్బు వచ్చును. పలుకరించు మనిషి రాడు.

ఒంటరితనము మనస్సునకే గాక దేహమునకును చేటని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. ప్రపంచమున ప్రతి ఆరుగురిలో ఒకరు దీనిచే బాధపడుచున్నారని ఆ సంస్థ పక్షమున 2025లో వెలువడిన నివేదిక తెలిపినది. పూర్వము ఈ జబ్బునకు రచ్చబండయే మందు. నేడు అనేక గ్రామములలో రచ్చబండ కలదు గాని దానిమీద కూర్చుండువారు తగ్గినారు. కూర్చున్నవారిలోను స్త్రీలు లేరు. కావున రచ్చబండకు ఒక కప్పు, ఒక వేళ, ఒక పని కల్పించుటయే పెద్దల క్లబ్బు.

వయస్సు మీరిన పిమ్మట చదువా?

'ఈ వయస్సులో మాకు చదువెందుకు?' అని పెద్దలే అడుగుదురు. దీనికి సమాధానము మదనపల్లె చరిత్రలోనే కలదు. అక్కడి దివ్యజ్ఞాన కళాశాలను 1915లో అనీబిసెంటు స్థాపించినది. ఆమె 1847 అక్టోబరు 1న జన్మించినది గనుక అప్పటికి 67 ఏండ్లు నిండినవి. మరి రెండేండ్లకు, 1917లో, 70 ఏండ్లు నిండిన తరువాత ఆమె కలకత్తాలో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించినది. ఐక్యరాజ్యసమితి 1990లో నిర్ణయించిన ప్రకారము ప్రపంచ వృద్ధుల దినము కూడ అక్టోబరు 1వ తేదీనే జరుగుచున్నది. ఆ దినమున మన గ్రామములలో ఈమె పేరు తలచుట తగును.

అదే కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు అతిథిగా వచ్చెను. అప్పటికాయన వయస్సు 57 సంవత్సరములు. జేమ్సు కజిన్సు ప్రిన్సిపాలుగా ఉన్న ఆ దినములలో విద్యార్థుల కూటమిలో ఠాగూరు జనగణమన గీతమును పాడి వినిపించెను. దానిని ఇంగ్లీషులోనికి అనువదించినది మదనపల్లెలోనే. కజిన్సుగారి సతీమణి మార్గరెట్ ఆ గీతమునకు స్వరలిపి వ్రాసినది. వయస్సు మీరిన అతిథి పాడెను. పడుచువారు విని నేర్చిరి. సంగీతము తెలిసిన ఇంకొకరు దానిని కాగితముమీద నిలిపిరి. పెద్దల క్లబ్బు చేయవలసిన పని సరిగా ఇదియే. ఠాగూరు అంతటితో ఆగలేదు. దాదాపు అరువదవ పడిలో చిత్రలేఖనమునకు పూనుకొని, 1930లో పారిసు నగరమున తన చిత్రములను ప్రదర్శించెను. నేర్చుకొనుటకు వయఃపరిమితి లేదనుటకు ఇంతకంటె దగ్గర నిదర్శనము ఈ ప్రాంతపువారికి అక్కరలేదు.

ఇతరులు చేసిన ఏర్పాట్లు

ఫ్రాన్సు దేశములోని టులూజు నగరమున 1973లో విశ్వవిద్యాలయము పెద్దలకొరకు ప్రత్యేకముగ పాఠములు ప్రారంభించినది. దీనికి 'మూడవ వయస్సు విశ్వవిద్యాలయము' అని పేరు పెట్టిరి. బాల్యము మొదటి వయస్సు, ఉద్యోగ సంసారములు రెండవది, ఆపైన మూడవది యని భావము. 1980 దశకము ఆరంభమున ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఈ పద్ధతిని మార్చిరి. అక్కడ వేరుగా ఉపాధ్యాయులు లేరు. సభ్యులే ఒకరికొకరు బోధింతురు. పరీక్షలు లేవు, పట్టములు లేవు. ఈ పద్ధతికి ఖర్చు తక్కువ గనుక పలు దేశములకు వ్యాపించినది.

జపానులో వృద్ధుల క్లబ్బులు గ్రామగ్రామమున కలవు. 1963లో ఆ దేశము చేసిన వృద్ధుల సంక్షేమ చట్టమున వాటికి తోడ్పాటు లభించినది. కేరళ రాష్ట్రమున స్థానిక సంస్థలు 'పగటి ఇల్లు' అను అర్థముగల పేరుతో కేంద్రములు నడుపుచున్నవి. పెద్దలు ఉదయము వచ్చి, తోటివారితో గడపి, సాయంకాలము ఇంటికి పోవుదురు. ఇది వృద్ధాశ్రమము కాదు. ఇల్లు విడువనక్కరలేదు, బిడ్డలకు చెడ్డపేరు రాదు. మన పంచాయతీలు కేంబ్రిడ్జినుండి బోధనపద్ధతిని, కేరళనుండి స్థలపు ఏర్పాటును గ్రహించిన చాలును.

పెద్దలు నేర్చుకొనవలసినవి

మొదటిది చేతిలోని ఫోను. పింఛను, బ్యాంకు, వైద్యము, బెంగుళూరులోని మనుమని ముఖము, అన్నియు నేడు ఆ పెట్టెలోనే యున్నవి. మోసగాండ్రును అందులోనే కాచుకొని యున్నారు. బ్యాంకువారమని, పోలీసులమని చెప్పి, రహస్యసంఖ్య అడిగి, విశ్రాంత ఉద్యోగుల జీవితకాలపు కూడికను గంటలో కాజేయుచున్నారు. ఫోనులో వచ్చిన రహస్యసంఖ్యను ఎవరికిని చెప్పరాదు. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఈ రెండు మాటలు ప్రతి పెద్దకును కంఠస్థము కావలెను. ఉన్నతపాఠశాల విద్యార్థులు వారమున ఒక సాయంకాలము వచ్చి నేర్పవచ్చును. పిల్లలు మెల్లగా, విసుగుకొనక చెప్పుట నేర్చుకొందురు, అదియు విద్యయే.

రెండవది హక్కుల విద్య. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. తమను తాము పోషించుకొనలేని తల్లిదండ్రులు బిడ్డలనుండి పోషణభత్యము కోరుచు ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. రెవెన్యూ డివిజను అధికారి హోదాకు తగ్గని అధికారి దానికి అధ్యక్షుడుగా ఉండును. ఈ చట్టములోని 23వ సెక్షను మన రైతుకుటుంబములకు మిక్కిలి ముఖ్యము. పోషింతురను షరతుతో ఆస్తిని బిడ్డలకో బంధువులకో వ్రాసి యిచ్చిన పిదప వారు పోషింపనిచో, ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునలు ప్రకటింపవచ్చును. ఆ షరతు దస్తావేజులో స్పష్టముగ ఉండుట క్షేమము. మన పల్లెలలో ఎందరో తల్లులు ప్రేమతో, నమ్మకముతో, చదువక వేలిముద్ర వేయుదురు. వ్రాసి యివ్వవలదని మేము చెప్పుట లేదు. వ్రాయుటకు ముందు క్లబ్బులో చదువుకొన్న ఒక అయ్యవారిచేత ఆ కాగితము చదివించుకొనుడని చెప్పుచున్నాము. చదువు వచ్చిన పెద్ద, చదువురాని పెద్దకు చేయగల ఉపకారములలో ఇది ప్రథమము.

మూడవది సదుపాయముల జ్ఞానము. రాష్ట్రమున వృద్ధాప్య పింఛను 2024 జూలైనుండి నెలకు 4000 రూపాయలు అయినది. కేంద్రప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ పథకము 2024 అక్టోబరునుండి 70 ఏండ్లు నిండినవారందరికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ వర్తించుచున్నది. సలహాకును, ఆపదలో సహాయమునకును పెద్దలకు 14567 అను ఉచిత ఫోను కలదు. ఉద్యోగ పింఛనుదారులు ఏటేట జీవించియున్నట్లు ధ్రువపత్రము ఇయ్యవలెను. 2014నుండి దానిని ఫోనుద్వారా, వేలిముద్రయంత్రముద్వారా పంపు వీలు ఏర్పడినది. మంచము దిగలేని ముసలివారికొరకు క్లబ్బు సభ్యులు ఇంటికే పోయి ఈ పని చేయింపగలరు. పింఛను దయాధర్మము కాదని, చేసిన సేవకు లభించు హక్కు అని సుప్రీముకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తీర్పు చెప్పినది. పింఛనుదారులు ఆ తేదీని పండుగగా జరుపుకొందురు. ఆ పండుగకు కూలిపని మానిన అవ్వను, తాతను కూడ పిలిచిన గ్రామము ఆ తీర్పును సరిగా గ్రహించినట్లు.

పెద్దలు నేర్పదగినవి

నేర్చుట సగము, నేర్పుట సగము. పెద్దను ఎల్లప్పుడును కూర్చుండబెట్టి ఉపన్యాసము వినిపించిన క్లబ్బు ఆరునెలలలో మూతబడును. తాను చెప్పునది వినువారున్నారని తెలిసిన పెద్ద వానలోనైన వచ్చును.

పుంగనూరు ఆవు సంగతి ఆలోచింపుడు. 70 మొదలు 90 సెంటిమీటర్ల యెత్తు మాత్రమే యుండి, చిక్కని పాలిచ్చు ఈ పొట్టిజాతి ఒకప్పుడు ఈ సీమ పల్లెలకు సొంతము. సంకరజాతి పశువుల వెల్లువలో ఇది దాదాపు అంతరించు స్థితికి వచ్చినది. పలమనేరులోని పశుపరిశోధన కేంద్రము మందను పోషించి జాతిని నిలుపుటకు కృషి చేసినది. ఆవును మందలో పెట్టి కాపాడవచ్చును. ఆ ఆవును గుర్తుపట్టు కన్ను, మేపు పద్ధతి, ఈనునాడు చేయు ఉపచారము, ఇవి పాతకాపుల తలలలో కలవు. వాటికి మంద లేదు. వినువాడు లేకున్న ఆ పెద్దతోడనే పోవును.

చెరువుల విషయమును అట్టిదే. ఏ వంక నీరు ఏ చెరువునకు చేరును, మొరవ పారిన నీరు ఎటు పోవును, పూడిపోయిన కాలువ ఏ చేనిలో మరుగుపడినది, ఇవి నీరుగంటిపని చేసినవారికి తెలిసినట్లు పటములకు తెలియవు. పూడిక తీయించు పంచాయతీ ముందుగ ఆ ముసలివానిని వెంటబెట్టుకొని కట్టమీద నడచినచో ధనమును కలిసివచ్చును, తగవును తప్పును. అతడు చెప్పినది బడిపిల్లలచేత వ్రాయించి, పంచాయతీ కార్యాలయమున భద్రపరుపవలెను.

ధర్మరాజు గుడులయొద్ద దినముల తరబడి జరుగు భారత ఉత్సవములు చిత్తూరు సీమకు ప్రత్యేకములు. పగలు హరికథ, రాత్రి వీధినాటకము, కడపట దుర్యోధనవధ. వేషము కట్టి, పద్యము పాడి, మద్దెల వాయించిన పెద్దలు ప్రతి చుట్టుపట్టునను కలరు. వారమునకొక సాయంకాలము వారు క్లబ్బులో పాడినచో పడుచువారికి పాఠము, పెద్దలకు వినోదము. అవ్వలు చెప్పు కథలు, నాట్లపాటలు, రాగిసంగటి మొదలు పథ్యపు కషాయముల వరకు వంటకములు కూడ పాఠములే. పులిజూదము, వామనగుంటలు ఆడించిన పిల్లలు తామే వచ్చి చేరుదురు.

కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. అక్కడి పెద్దలలో పలువురు తెలుగు, తమిళము, కన్నడము మూడింటను మాటలాడగలరు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము కుప్పమున స్థాపింపబడుటకు కారణము కూడ ఈ భాషల చుట్టరికమే. బెంగుళూరుకు పోవు పడుచువానికి కన్నడము నాలుగు మాటలు, వెల్లూరు ఆసుపత్రికి పోవు కుటుంబమునకు తమిళము నాలుగు మాటలు ఊరి పెద్దయే నేర్పగలడు. సామెతలు, పొడుపుకథలు సేకరించు విద్యార్థులకు ఇట్టి క్లబ్బు కంటె మంచి గ్రంథము దొరకదు.

ఏర్పాటు చేయు విధానము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలో పురపాలక సంఘములు కలవు. వాటి చుట్టునున్న పల్లెలలో ఈ భారము గ్రామపంచాయతీలదే. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పదకొండవ షెడ్యూలులో 29 విషయములను పేర్కొన్నది. వయోజనవిద్య, గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యక్రమములు, సాంఘిక సంక్షేమము అందు చేరినవే. కావున పెద్దల క్లబ్బు పంచాయతీ పరిధికి వెలుపలి విషయము కాదు.

స్థలము: క్రొత్త భవనము అవసరము లేదు. సాయంకాలమున ఖాళీగానుండు బడిగది, సమావేశమందిరము, మరమ్మతు చేసిన పాత చావడి ఏదైనను చాలును. మెట్లు తక్కువగ నుండవలెను. ఉన్నచో పట్టుకొనుటకు కమ్మి ఉండవలెను. ఆనుకొను కుర్చీలు, మంచి దీపము, మంచినీరు, సమీపముననే మరుగుదొడ్డి తప్పనిసరి. మరుగుదొడ్డి లేని క్లబ్బునకు స్త్రీలు రారు.

వేళ: పురుషులకు అనుకూలమైన వేళయే స్త్రీలకును అనుకూలమని తలంపరాదు. అవ్వలకు మనుమలను చూచుకొను పని, పాడిపని యుండును. వారినే అడిగి వేళ నిర్ణయింపవలెను.

కార్యవర్గము: ఏడుగురు చాలును. అందు ముగ్గురైనను స్త్రీలు, ఇద్దరైనను పింఛను లేని కష్టజీవులు ఉండవలెను. చదువుకొన్నవారు పద్దు వ్రాయుదురుగాక. తీర్మానమున అందరి నోరును సమానము. ధనము చేర్చి ఖర్చుపెట్టు స్థితి వచ్చినప్పుడు 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద నమోదు చేయించుకొనవలెను. దానికి కనీసము ఏడుగురు సభ్యులు కావలెను.

పుస్తకములు: 1960 నాటి గ్రంథాలయ చట్టము ప్రకారము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. ఆ పన్ను చెల్లించు గ్రామము జిల్లా గ్రంథాలయ సంస్థను పుస్తకములు, పత్రికలు కోరుట న్యాయమే. చూపు తగ్గినవారికి ఒకరు బిగ్గరగా పత్రిక చదువు ఏర్పాటు ప్రతి దినము ఉండవలెను.

జాగ్రత్తలు: డబ్బు పెట్టి పేకాట మొదటి దినముననే నిషేధింపవలెను. ఎన్నికల ముచ్చట క్లబ్బు గడప దాటి లోనికి రారాదు. ఒక కులమువారికి కుర్చీ, ఒక కులమువారికి అరుగు అను భేదము కనబడిననాడు ఆ క్లబ్బు ఉండుట కంటె మూయుట మేలు. పంచాయతీ గది నీయవలెను, దీపము వెలిగింపవలెను, యేడాదికి రెండుమార్లు లెక్క చూడవలెను. అంతకు మించి పెత్తనము చేయరాదు. నలుబది యేండ్లు సంసారమును, సేద్యమును, బడిని నడిపినవారికి ఒక గదిని నడుపుకొనుట తెలియును.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున 60 ఏండ్లు నిండినవారెందరు? వారిలో ఒంటరిగా నివసించువారెవరు?
2. వారిలో ప్రతియొక్కరికిని తెలిసిన ఒక విద్యను, కావలసిన ఒక విద్యను వ్రాసికొనగలమా?
3. సాయంకాలమున ఖాళీగానుండు ప్రభుత్వపు గది ఏది? దానికి కావలసిన మరమ్మతు ఏమి?
4. కదలలేని పెద్దల యిండ్లకు వారమునకొకమారు పోవుటకు ఎవరు పూనుకొందురు?
5. వచ్చు అక్టోబరు 1వ తేదీన క్లబ్బును ప్రారంభించుటకు ఇప్పుడు చేయదగిన తీర్మానము ఏది?

రెండవ ప్రశ్నకు వచ్చు జాబితా మిక్కిలి విలువైనది. అందు పేరు ఎదుట 'ఏమియు తెలియదు' అని ఒక్కరికైనను వ్రాసినచో, అడిగినవారు సరిగా అడుగలేదని గ్రహింపవలెను. మరల పోయి, ప్రక్కన కూర్చుండి, నిదానముగ అడుగవలెను. ఆ అడుగుటతోడనే క్లబ్బు ప్రారంభమైనట్లు. సభ్యులు ఈ పనికి పూనుకొని, తమ గ్రామములలోని పెద్దల ఓపికను, అనుభవమును ఊరిసొత్తుగా నిలుపుకొందురని ఆశించుచున్నాము.